అకౌస్టిక్ గిటారుకు బోల్టు నెక్ కూర్చే పని: ముందు కోణం, తరువాతే బోల్టు

గుంటూరు బ్రాడీపేట నుంచి మీరు రాసిన ప్రశ్నను నిదానంగా రెండుసార్లు చదివాను. ఇతరులకు కూడా అర్థం కావడానికి మీ పరిస్థితిని ముందుగా క్లుప్తంగా చెబుతాను. పాత ఇంటి ద్వారబంధంలోని టేకుతో నెక్ (తీగలను వేళ్లతో నొక్కే పొడవాటి కాడ) చేశారు. రోజ్‌వుడ్ సైడ్లు, స్ప్రూస్ టాప్ (పై పలక), 645 మి.మీ. స్కేలు పొడవు (మోగే తీగ పొడవు), 14వ ఫ్రెట్ (మెట్టు) దగ్గర బాడీతో కూర్పు. నెక్ చివర 20 మి.మీ. వెడల్పు కుసి (గాడిలో దూరే నాలుక), బాడీలోని బ్లాకులో దానికి సరిపడే గాడి, లోపలి నుంచి రెండు ఎం6 బోల్టులు. కుసిలో దించిన రెండు ఇత్తడి ఇన్సర్ట్లలో (బోల్టు ఎక్కే మరల గొట్టాలు) కిందిది బిగిస్తుండగానే గిర్రున తిరిగి ఊడి వచ్చింది. ఫ్రెట్ల మీద స్టీలు స్కేలు ఆనిస్తే దాని కొస బ్రిడ్జి (టాప్ మీద తీగలు కట్టే పట్టీ) పైభాగానికి 3 మి.మీ. కిందకు తగులుతోంది. హీల్‌కు (నెక్ బాడీకి ఆనే మడమకు) బాస్ (లావు) తీగల వైపు సన్నని సందు కనిపిస్తోంది. బ్రిడ్జిని ఇంకా అతికించలేదు. చివరగా మీరు అడిగింది, "ఇంత అవస్థ ఎందుకు, జిగురు పెట్టి ఒకేసారి బిగించేస్తే పోదా?" అని.

దయచేసి ఆ పని చేయవద్దు. మీరు చెప్పిన మూడు లోపాలూ సరిదిద్దదగినవే, ఒక్క చెక్క కూడా పారవేయనవసరం లేదు. జిగురు పడిన మరుక్షణం మాత్రం మూడూ శాశ్వతమవుతాయి.

అసలు బోల్టు మీద మనం పెట్టుకునే నమ్మకంలోనే పొరపాటు ఉన్నదని నా అభిప్రాయం. అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 12 నుంచి 53 వరకు మందం ఉండే లైట్ గేజ్ ఉక్కు తీగలు ఆరూ శ్రుతిలో ఉన్నప్పుడు నెక్‌ను లాగే బలం 70 కిలోల పైచిలుకు ఉంటుంది. తీగలు టాప్‌కు పైన ఉంటాయి కనుక ఆ లాగుడు నెక్ తలను ముందుకు వంచుతుంది. దానితో హీల్ పైఅంచు బాడీకి మరింత గట్టిగా ఒత్తుకుంటుంది, కింది అంచు బాడీ నుంచి విడిపోవాలని చూస్తుంది. అందుచేత భారం ఎక్కువగా పడేది కింది బోల్టు మీద, మీకు ఊడివచ్చింది కూడా సరిగ్గా అదే. హీల్ బుగ్గలు (కుసికి ఇరువైపులా బాడీకి ఆనే ముఖాలు) రెండూ సైడ్లకు చక్కగా ఆని ఉంటే ఆ బోల్టు చేయవలసిన పని చాలా తక్కువ, కూర్పు విడిపోకుండా పట్టుకుంటే చాలు. అవి ఆనకపోతే కూర్పు చేయవలసిన పని మొత్తం ఆ ఒక్క మరమీద పడుతుంది.

ఇది నేను పుస్తకంలో చదివి చెబుతున్న మాట కాదు. విజయవాడలో పని మొదలుపెట్టిన తొలి రోజుల్లో ఒక గిటారుకు నెక్ సరిగ్గా కూర్చోకపోయినా బోల్టులు బలంగా తిప్పి సందును మూసేశాను. పైకి వెంట్రుక కూడా దూరనట్లు కనిపించింది. తీగలు వేసిన రెండో రోజు రాత్రి గోడకు తగిలించిన గిటారు నుంచి "టక్" మన్న చప్పుడు వచ్చింది. ఉదయం చూస్తే హీల్ కింద పోస్టుకార్డు దూరేంత సందు, 12వ ఫ్రెట్ దగ్గర తీగలు చేతికి అందనంత ఎత్తు. ఇన్సర్ట్ చుట్టూ చెక్క పొడిపొడిగా రాలి ఉంది. ఆ రోజు నుంచి బోల్టును వేలితో తిప్పినప్పుడే సందు మూసుకునే దాకా రెంచి ముట్టుకోవడం మానేశాను.

సరే, మీ పని దగ్గరకు వద్దాం. ఉలి పట్టకముందు మరొకసారి కొలవండి. మీరు 3 మి.మీ. తేడా కొలిచింది వానలు కురుస్తున్న వారంలో అని రాశారు. మన కృష్ణా తీరంలో జూలై నుంచి అక్టోబరు వరకు గాలిలో ఉండే తేమను స్ప్రూస్ పలక పీల్చుకొని అడ్డంగా ఉబ్బుతుంది. అంచులు సైడ్లకు అతుక్కుని ఉన్నాయి కనుక అది పైకి పొంగడం తప్ప మరో దారి లేదు. టాప్ పొంగితే బ్రిడ్జి లేస్తుంది, అప్పుడు నెక్ ఏ తప్పూ చేయకపోయినా స్కేలు కొస కిందికి తగిలినట్లు కనిపిస్తుంది. ఒకే గిటారులో భాద్రపదానికీ మాఘానికీ మధ్య మిల్లీమీటరుకు దగ్గరగా తేడా నేను కొలిచి చూశాను. ఆ అబద్ధపు మిల్లీమీటరును వానల్లో హీల్ నుంచి చెక్కేస్తే, చలికాలంలో టాప్ దిగినప్పుడు నెక్ అతిగా వెనక్కి వాలి ఉంటుంది. తీసిన చెక్కను తిరిగి పెట్టడం మాత్రం మన వల్ల కాదు.

కాబట్టి బాడీనీ నెక్‌నూ విడివిడిగా ఏసీ ఉన్న గదిలో, తేమ 50 శాతం దగ్గర నిలబడేలా చూసి, ఒక పది రోజులు ఉంచండి. తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటరు ఖరీదైనదేమీ కాదు, అది లేకుండా అకౌస్టిక్ గిటారు కట్టవద్దని నా గట్టి సలహా. ఎండలో పెట్టి తొందరగా ఆరబెడదామన్న ఆలోచన అసలు రానీయకండి, గుంటూరు ఎండకు టాప్ మధ్య అతుకే విచ్చుకుంటుంది.

పది రోజుల తరువాత బ్రిడ్జిని దాని స్థానంలో ఊరికే ఆనించి మళ్ళీ కొలవండి. బ్రిడ్జి మందం 10 మి.మీ. అన్నారు, మామూలుగా అది 9 నుంచి 9.5 మధ్య ఉంటుంది. దానిని 9.5కు చిత్రిక పడితే అక్కడే అర మిల్లీమీటరు కలిసివస్తుంది. మరొక మాట: మీరు ఫ్రెట్లు దించిన తరువాతే కొలిచారు, అది చాలా మంచి పని. ఫ్రెట్ల కాళ్ళు గాడుల్లో చీలికల్లా దిగి నెక్‌ను కొద్దిగా వెనక్కి వంచుతాయి కనుక, ఫ్రెట్లు లేని పలక మీద కొలిచిన కోణం ఫ్రెట్లు వేశాక నిలవదు. ట్రస్ రాడ్‌ను (నెక్ లోపలి ఉక్కు కడ్డీని) కూడా నెక్ నిటారుగా నిలిచేలా సరిచేసి అప్పుడే స్కేలు ఆనించండి. ట్రస్ రాడ్‌తో నెక్ కోణాన్ని దిద్దవచ్చని చాలామంది అనుకుంటారు. అది నెక్ పొడవునా ఉన్న వంపును మాత్రమే మారుస్తుంది, బాడీతో నెక్ చేసే కోణాన్ని అది తాకలేదు.

మన లక్ష్యం స్కేలు కొస బ్రిడ్జి పైభాగానికి అర మిల్లీమీటరు పైన ఉండటం. తీగల లాగుడుకు బాడీ కొద్దిగా ముడుచుకున్నప్పుడు ఆ అర మిల్లీమీటరు ఖర్చయిపోతుంది. పది రోజుల తరువాత కూడా మీకు 2 మి.మీ. లోటు మిగిలిందనుకుందాం. దానికి ఈ అర కలిపితే కొసను లేపవలసింది 2.5 మి.మీ. ఇక లెక్క చాలా తేలిక. 645 స్కేలులో 14వ ఫ్రెట్ నుంచి సాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్నని పట్టీ) వరకు దూరం 287 మి.మీ., మీ హీల్ పైఅంచు నుంచి కింది కొస వరకు లోతు 85 మి.మీ. నెక్ తిరిగే ఇరుసు హీల్ పైఅంచే కనుక, 85ను 287తో భాగిస్తే వచ్చే 0.3 మన గుణకం. బ్రిడ్జి దగ్గర ప్రతి మిల్లీమీటరుకూ హీల్ కింది కొసలో 0.3 మి.మీ. తీయాలి. అంటే 2.5కు ముప్పావు మిల్లీమీటరు. పైఅంచు దగ్గర సున్నా, కింది కొసలో 0.75, మధ్యలో సమంగా వాలు. పైఅంచులో గీరినా నెక్ లోపలికి జరిగి స్కేలు పొడవు తప్పుతుంది, అందుకని ఫ్రెట్‌బోర్డు (ఫ్రెట్లు దిగిన పలక) కింద ఒక మిల్లీమీటరు పట్టీని సన్నని పెన్సిలుతో గీసుకొని దాని జోలికి పోకండి.

ఈ వాలు తీసేలోపు మధ్యరేఖను కూడా చూడాలి, ఎందుకంటే మీ బాస్ వైపు సందుకు మూలం బహుశా అక్కడే ఉంది. పైన నట్ (నెక్ తల దగ్గర తీగలు ఆనే పట్టీ) దగ్గర ఒకటో తీగ, ఆరో తీగ స్థానాల నుంచి రెండు సన్నని దారాలు బ్రిడ్జి వరకు లాగి, టాప్ మధ్య అతుకుకు అవి ఇరువైపులా సమాన దూరంలో ఉన్నాయో లేదో చూడండి. నెక్ మధ్యరేఖ బ్రిడ్జి దగ్గర ఏ వైపుకు తప్పిందో, హీల్‌కు అదే వైపు బుగ్గ నుంచి చెక్క తీయాలి. హీల్ అక్కడ 56 మి.మీ. వెడల్పు ఉంటే, ఒక బుగ్గలో 0.2 మి.మీ. తీసినప్పుడు బ్రిడ్జి దగ్గర రేఖ ఒక మిల్లీమీటరు జరుగుతుంది. ఎంత సున్నితమో గమనించండి, రెండు కాగితాల మందం చాలు గిటారు వంకరగా కనిపించడానికి. సందు బాస్ వైపు ఉన్నదంటే ఆనుతున్నది ట్రెబుల్ (సన్న తీగల వైపు) బుగ్గ. సందును పూడ్చాలన్న తొందరలో ఆ బుగ్గను తీసే ముందు దారాలు ఏమి చెబుతున్నాయో చూసుకోండి. రేఖ ఇప్పటికే సరిగ్గా ఉంటే ట్రెబుల్ బుగ్గ లోపలి భాగం ఎక్కడో ఉబ్బుగా ఉండి అడ్డుపడుతోందని అర్థం.

ఇప్పుడు ఊడిన ఇన్సర్ట్ సంగతి. బోల్టు సాయంతోనే హీల్‌ను సానబెట్టవలసి ఉంటుంది కనుక చేతిపనిలో మొదట జరగవలసింది ఇదే. నెక్ చెక్కలో నార పొడవునా సాగుతుంది, బోల్టు కూడా అదే దిశలో కుసి కొసలోకి దిగుతుంది. అంటే ఇన్సర్ట్ మరలు నార కొసల్లో పట్టు వెతుక్కుంటున్నాయి. చీపురుకట్టను నిలబెట్టి దాని పుల్లల మధ్య మేకు దించినట్లు ఉంటుంది ఆ పట్టు. ఎపాక్సీతో రంధ్రం నింపి మళ్ళీ అక్కడే దించమని కొందరు చెబుతారు. అది తీగల లాగుడు కింద ఏళ్ల తరబడి నిలుస్తుందని నేను నమ్మను.

చేయవలసింది ఇది. కుసి అడుగు నుంచి, అంటే హీల్ టోపీ వైపు నుంచి పైకి, కుసి మధ్యలో నిట్టనిలువుగా 12 మి.మీ. రంధ్రం వేయండి. మీ ఫ్రెట్‌బోర్డు ఇప్పటికే అతికి ఉంది కాబట్టి పై నుంచి వేసే అవకాశం లేదు. పాడైన రంధ్రాన్ని దాటి కనీసం పది మిల్లీమీటర్లు పైకి పోతే చాలు, పై ఇన్సర్ట్ బాగానే ఉంది కనుక దానిని కదిలించవద్దు. డ్రిల్ ప్రెస్ లేకుండా ఈ రంధ్రం వేయకండి. 20 మి.మీ. కుసిలో 12 మి.మీ. రంధ్రం అంటే రెండు వైపులా మిగిలేది నాలుగేసి మిల్లీమీటర్లే. మీ దగ్గర ప్రెస్ లేకపోతే ఆటోనగర్‌లో ఏ లేత్ షెడ్డుకు వెళ్ళినా పది నిమిషాల పని, కాని నెక్‌ను ఇనుప దవడల మధ్య నేరుగా బిగించనివ్వకండి, రెండు వైపులా మెత్తని చెక్క ముక్కలు పెట్టించండి. ఆ రంధ్రంలోకి రోజ్‌వుడ్‌తో సరిగ్గా 12 మి.మీ.కు తిప్పిన గుండ్రని పుల్లను దించాలి. దాని నార నిలువుగా ఉంటుంది కనుక అడ్డంగా వచ్చే ఇన్సర్ట్ మరలు ఈసారి నారకు అడ్డంగా కోసుకొని కూర్చుంటాయి, పట్టు ఎన్నో రెట్లు పెరుగుతుంది.

టేకు గురించి ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. టేకులో సహజంగా ఉండే నూనె వల్ల జిగురు పట్టదు, పాత ఇళ్ల చేవ టేకులో అయితే మరీను. పుల్ల అతికించడానికి కొద్ది నిమిషాల ముందు రంధ్రం గోడలను ఎసిటోన్‌లో ముంచిన గుడ్డతో తుడవండి, గుడ్డకు పసుపు రంగు అంటడం ఆగేదాకా తుడవండి. రోజ్‌వుడ్ కూడా నూనె చెక్కే కనుక పుల్లనూ అలాగే తుడవండి. ఆ తరువాత నిదానంగా గట్టిపడే ఎపాక్సీ వాడి ఒక రోజు పూర్తిగా వదిలేయండి. టేకులో ఇసుకరేణువుల వంటి సిలికా కూడా ఉంటుంది, ఉలి పదును ఇట్టే పోతుంది. ప్రతి పది నిమిషాలకూ ఒకసారి రాయి మీద నూరుకోవడం ఈ చెక్కతో తప్పనిసరి.

కొత్త ఇన్సర్ట్ రంధ్రం స్థానాన్ని కొలతలతో లెక్కించకండి. నెక్‌ను గాడిలో కూర్చోబెట్టి, బ్లాకు రంధ్రంలో నుంచి మొనదేలిన బోల్టును దూర్చి పుల్ల మీద గుర్తు పెట్టండి. రంధ్రం వ్యాసం ఇన్సర్ట్ మరల అడుగు వ్యాసానికి సమానంగా ఉండాలి, ముందు ఒక పనికిరాని రోజ్‌వుడ్ ముక్కలో పరీక్షించండి. ఇత్తడి ఇన్సర్ట్‌ను దాని గాటులో స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే గాటు చిట్లుతుంది. ఒక బోల్టుకు నట్టు ఎక్కించి, దాని కింద ఇన్సర్ట్‌ను బిగించి, బోల్టును డ్రిల్ ప్రెస్ దవడలో పట్టించి, కరెంటు ప్లగ్ తీసేసి చక్రాన్ని చేత్తో తిప్పండి. మరలకు కొవ్వొత్తి మైనం రుద్దితే నెమ్మదిగా, నిటారుగా దిగుతుంది. బ్లాకులోని బోల్టు రంధ్రాలు 7 మి.మీ. ఉండేలా చూసుకోండి, కోణం మారినప్పుడు బోల్టు కదలడానికి ఆ ఖాళీ అవసరం. గాడి అడుగుకూ కుసి కొసకూ మధ్య కూడా ఒకటిన్నర మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. కుసి కొస ముందుగా తగిలితే హీల్ బుగ్గలు ఎప్పటికీ ఆనవు.

ఇక ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. ముప్పావు మిల్లీమీటరు వాలులో చాలా భాగాన్ని పదునైన ఉలితో తీసి, చివరి కాస్తను ఎమరీ గుడ్డతో రాబట్టాలి. 120 నంబరు గుడ్డను రెండు వేళ్ల వెడల్పు పట్టీగా కోసి, గరుకు వైపు హీల్‌కు, నున్నటి వైపు బాడీకి ఉండేలా సందులో పెట్టి, బోల్టులు వేలితో మాత్రమే బిగించి, పట్టీని తిన్నగా బయటకు లాగాలి. పక్కకు లాగితే హీల్ అంచు గుండ్రబడి ఆ తరువాత ఏమి చేసినా సందు కనిపిస్తూనే ఉంటుంది. ఒక్కో బుగ్గకు ఎన్ని లాగుళ్ళు లాగారో లెక్క రాసుకోండి, రెండు వైపులా సమానంగా లాగినంత కాలం మధ్యరేఖ కదలదు. ఐదు లాగుళ్ళకొకసారి స్కేలు, దారాలు రెండూ మళ్ళీ చూడాలి.

ఆనిక చూడటానికి మన వడ్రంగుల పాత పద్ధతినే నేను నమ్ముతాను. బాడీ మీద హీల్ ఆనే చోట నీలి సుద్ద పలచగా రుద్ది, నెక్‌ను తిన్నగా దించి, ఒక్కసారి నొక్కి తీయండి. హీల్ బుగ్గ మీద నీలం అంటిన చోటు ఎత్తుగా ఉన్నట్లు. మొదటిసారి రెండు మూడు బియ్యపు గింజలంత మచ్చలు కనిపిస్తాయి. వాటిని మాత్రమే ఉలి కొసతో గీకి మళ్ళీ నొక్కండి, మచ్చలు పెరుగుతూ వచ్చి చివరకు హీల్ అంచు వెంట సన్నని నీలి గీతగా కలిసిపోతాయి. నేను ఒక్కో నెక్‌కు ముప్పై నలభై సార్లు ఇలా దించి తీస్తాను. బుగ్గ లోపలి భాగాన్ని, అంచు నుంచి 3 మి.మీ. వదిలి, అర మిల్లీమీటరు లోతుగా తొలిచి ఉంచితే ఈ పని సగానికి తగ్గుతుంది, ఆనవలసింది బయటి అంచే కదా. మీ ట్రెబుల్ బుగ్గలో అడ్డుపడుతున్న ఉబ్బు కూడా అప్పుడే పోతుంది. చివరి పరీక్షకు మామూలు ప్రింటరు కాగితం తీసుకోండి, దాని మందం సుమారు 0.1 మి.మీ. బోల్టులు వేలి బిగువు మీద ఉండగా అది హీల్ చుట్టూ ఎక్కడా దూరకూడదు.

నూజివీడులో, బొబ్బిలిలో ఒకే పనస మానును తొలిచి చేసే ఏకాండి వీణకు ఈ బెడద లేదు, కుండ, దండి ఒకే చెక్క కనుక. పైగా వీణకు మెట్లను మైనం మీద పేర్చి మేళం కడతారు, ఏళ్ల తరువాత దండి కొంచెం కదిలినా మళ్ళీ మేళం కట్టించుకోవచ్చు. గిటారులో మెట్లు చెక్కలో దిగిపోయి ఉంటాయి కాబట్టి దిద్దుకోవడానికి మనకు మిగిలింది నెక్ కోణమొక్కటే. ఆ ఒక్క అవకాశాన్నీ జిగురుతో మూసేయవద్దనడానికి కారణం అదే. 19వ శతాబ్దం తొలి భాగంలోనే వియన్నాలో గిటారు తయారీదారు స్టాఫర్ గడియారపు తాళంచెవి వంటి చెవితో కోణం మార్చుకునే నెక్‌ను చేశాడు. ఆయన పనివాడైన మార్టిన్ 1833లో అమెరికా వెళ్ళి స్థాపించిన సంస్థ పేరు మాత్రం జిగురుతో అతికే డవ్‌టెయిల్ (పావురం తోక ఆకారపు కుసి) కూర్పుతోనే ముడిపడింది. టేలర్ గిటార్ల సంస్థ 1999లో తెచ్చిన ఎన్‌టీ నెక్‌లో పలుచని షిమ్ముల (సందులో పెట్టే బిళ్ళల) మార్పుతోనే కోణం దిద్దుతారు. బోల్టు నెక్‌కు నాదం తగ్గుతుందన్న మాట మీరు కూడా విని ఉంటారు. చక్కగా ఆనిన బోల్టు కూర్పుకూ మంచి డవ్‌టెయిల్‌కూ తేడా నా చెవికి ఎన్నడూ తెలియలేదు.

ఫ్రెట్‌బోర్డు చివరి భాగం, అంటే 14వ ఫ్రెట్ దాటి టాప్ మీద పడుకునే పొడిగింపు, నెక్ వాలు మారాక టాప్‌కు ఆనుతుందో లేదో చూడండి. మీరు నెక్‌ను వెనక్కి వాలుస్తున్నారు కనుక ఆ పొడిగింపు టాప్ నుంచి కొద్దిగా లేస్తుంది. ఆ సందును జిగురుతో, బిగింపుతో కిందికి గుంజకండి, 14వ ఫ్రెట్ దగ్గర విరుపు వచ్చి పై ఫ్రెట్లలో తీగ గరగరలాడుతుంది. పొడిగింపు కింద రోజ్‌వుడ్‌తోనే ఒక సన్నని చీలిక, ఒక కొస సున్నాకు దిగేలా చిత్రిక పట్టి అతికించండి. తుది కూర్పులో పొడిగింపు కింద మాత్రం నాలుగైదు చుక్కల జిగురు పెడితే చాలు, అవసరమైన రోజున ఇస్త్రీపెట్టె వేడితో అది విడివడుతుంది. కుసికీ హీల్‌కూ జిగురు చుక్క కూడా తగలనివ్వకండి.

నెక్ కూర్చున్న తరువాతే బ్రిడ్జి స్థానం నిర్ణయించండి. పై నట్ నుంచి 12వ ఫ్రెట్ వరకు 322.5 మి.మీ. వస్తోందా చూసి, దానికి రెట్టింపు దూరానికి ఒకటో తీగ దగ్గర సుమారు 2, ఆరో తీగ దగ్గర సుమారు 4 నుంచి 5 మి.మీ. కలిపి సాడిల్ వాలును పెట్టుకోండి. బోల్టులకు వెడల్పాటి వాషర్లు వేసి, వేలి బిగువు తరువాత అలెన్ కీతో పావు తిప్పు మాత్రమే తిప్పండి. తీగలు వేసిన వారం రోజులకు ఒకసారి, మళ్ళీ వచ్చే వేసవిలో ఒకసారి చెయ్యి పెట్టి చూడండి, బ్లాకు చెక్క కాస్త కుదురుకొని మరో చిన్న తిప్పు అడగవచ్చు. 12వ ఫ్రెట్ దగ్గర ఆరో తీగ 2.5 మి.మీ., ఒకటో తీగ 2 మి.మీ. ఎత్తులో, సాడిల్ బ్రిడ్జి పైన 3 మి.మీ. కనిపిస్తూ ఉంటే మీ కోణం సరిగ్గా వచ్చినట్లే. పది రోజుల తరువాత వచ్చిన కొలతలను రాయండి, ఉలి పెట్టే ముందు ఇద్దరం కలిసి మరోసారి లెక్క చూద్దాం.